వారమునకు రెండు సాయంత్రములు

మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించుట ప్రాథమిక పాఠశాలలో నేర్పెడి లెక్క. 2023 వ సంవత్సరమున 'ప్రథమ్' సంస్థవారు 26 రాష్ట్రములందలి పల్లెలలో 14 మొదలు 18 సంవత్సరముల వయస్సుగల బాలబాలికల యిండ్లకు వెళ్ళి, ఇట్టి లెక్కను ఇచ్చి చేయుమనిరి. సరిగా చేసినవారు నూటికి 43 మంది మాత్రమే. తమ ప్రాంతీయభాషలో రెండవ తరగతి వాచకమును ధారాళముగ చదువలేకపోయినవారు నూటికి 25 మంది. వీరందరు బడి ముఖ మెరుగనివారని అనుకొన్నచో పొరపాటు. ఆ వయస్సువారిలో నూటికి 86 మందికి పైగా ఏదో యొక పాఠశాలలోనో కళాశాలలోనో పేరు గలవారే.

ఈ లెక్కను రానిబిడ్డ తొమ్మిదవ తరగతిలో కూర్చుండును. పదవ తరగతికి వచ్చును. అచ్చట వర్గసమీకరణములు, త్రికోణమితి అతనికొరకు వేచియుండును. ఉపాధ్యాయుడు మార్చి నాటికి పాఠ్యప్రణాళికను ముగింపవలెను. ఆయన ముందు నలుబదిమందియో యేబదిమందియో ఉందురు. పాఠము ముందుకు పోవుచుండును. బాలుడు ఎచ్చట ఆగెనో అచ్చటనే యుండును. దీనికి ఆ ఉపాధ్యాయుని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. కలిగినవారి యింట ఇట్టి సంకటము ఏర్పడినచో ట్యూషను పెట్టింతురు. కూలికి పోవు తల్లి, వలసపోయిన తండ్రి ఏమి చేయగలరు? 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టమైనను 6 మొదలు 14 సంవత్సరముల వయస్సువరకే, అనగా ఎనిమిదవ తరగతి వరకే హామీ యిచ్చినది. బిడ్డకు ఊత మిక్కిలి కావలసినది సరిగా ఆ తరువాతి రెండు సంవత్సరములలోనే.

ఈ ప్రసంగమును వినుచున్న యిండ్లలో విశ్వవిద్యాలయమునకు పోవుచున్న కుమారుడో కుమార్తెయో ఉండవచ్చును. ఈ మాటలు ముఖ్యముగ వారి కొరకు. వారి తలిదండ్రుల కొరకు కూడ. ఏలయన, "ముందు నీ చదువు నీవు చూచుకో, లోకమును తరువాత ఉద్ధరింతువుగాని" అను మాట సాధారణముగ వచ్చునది వారినుండియే. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. లోకమును ఉద్ధరింపుమని మేమును అడుగుట లేదు. ఇద్దరు బిడ్డలకు, వారమునకు రెండు సాయంత్రములు ఇచ్చుటను గురించియే మేము మాటలాడబోవుచున్నాము.

విశ్వవిద్యాలయ విద్యార్థి ఉపాధ్యాయుడు కాడు. బోధనలో శిక్షణ లేదు, అనుభవము లేదు. అయినను ఉపాధ్యాయునకు లేనిది ఒకటి అతనికి కలదు. వసతిగృహమునందలి బాలుడు ఉపాధ్యాయుని 'సార్' అనును. ఈతనిని 'అన్నా' అనును. సారుకు తెలియకుండ దాచిన దానిని అన్నకు చెప్పును. తొమ్మిదవ తరగతి చదువుచు ఎక్కము రాదని సారు యెదుట, నలుబదిమంది తోడివారి యెదుట ఒప్పుకొనుట యెంత కష్టమో, మనము ఆ వయస్సును మరచిపోయితిమి గనుక మనకు తోచదు. పైగా అన్న నిన్నమొన్ననే ఆ పరీక్ష వ్రాసి గట్టెక్కినవాడు. కొన్నియిండ్లలో విశ్వవిద్యాలయమును లోపలనుండి చూచిన మనిషిని ఆ బిడ్డ మొదటిసారి ప్రక్కన కూర్చుండి చూచుట అప్పుడే.

ఇదంతయు మేము పుస్తకములలో చదివి చెప్పుచున్నది కాదు. సుమారు పాతిక సంవత్సరములకు పూర్వము, మేము స్నాతకోత్తర విద్యార్థులముగ నున్నప్పుడు, నలుగురు మిత్రులము కలిసి దగ్గరలోని ఒక సంక్షేమ వసతిగృహమునకు సైకిళ్ళపై పోయి పదవ తరగతి బాలురకు చదువు చెప్ప నారంభించితిమి. రేకుల కప్పు, రెండు గొట్టపు దీపములు, నేలపై పరచిన పట్టాలు. మొదటినాడు ముప్పదిమందిని వరుసగ కూర్చుండబెట్టి, మా ఆచార్యులు మాకు చెప్పినట్లే, నల్లబల్లపై సుద్దముక్క అరుగునట్లు ఉపన్యసించితిమి. "అర్థమైందా?" అంటిమి. "అర్థమైందన్నా!" అని ముప్పది కంఠములు ఒక్కసారి పలికెను. ఆ రాత్రి మేము పొందిన సంతోషమునకు హద్దు లేదు. ఒక్కనికిని అర్థము కాలేదని తెలియుటకు పదిదినములు పట్టినది.

పిమ్మట బాలురను పంచుకొంటిమి. మా పంపకములోనికి వచ్చిన వారిలో మాటలాడని బాలు డొకడు ఉండెను. "ఒక సంఖ్యలో సగమును, మూడవవంతును కలిపిన 10 వచ్చును. ఆ సంఖ్య యేది?" అను లెక్కకు అతడు ఎన్నిమారులు చేసినను 25 అనియే వ్రాయుచుండెను. సమీకరణము వ్రాయుట అతనికి రాలేదని మేము నిశ్చయించుకొని, మూడు సాయంత్రములు పక్షాంతరణమును గురించి బోధించితిమి. అతడు మూడు సాయంత్రములును తల యూపెను. నాలుగవనాడు విసిగి, "పోనీ, సగమును మూడవవంతును కలుపు, ఎంత?" అని అడిగితిమి. తడుముకొనకుండ, "రెండు బై ఐదన్నా" అనెను. లవమునకు లవమును, హారమునకు హారమును కూడినాడు! సమీకరణము చక్కగనే వ్రాసెను. తెగినదారము పదవ తరగతిలో లేదు, ఐదవ తరగతిలో ఉన్నది. ఐదు సంవత్సరములుగ ఆ ముడి విప్పక, దానిపైననే ఎందరో ఎన్నో పాఠములు చుట్టుచు వచ్చిరి. మేమును మూడు చుట్లు చుట్టితిమి.

జేబులోనుండి అర్ధరూపాయి నాణెమును తీసి చూపితిమి. "ఇది ఎన్ని పైసలు?" "యాభై." "రూపాయిలో ఐదవవంతు?" కొంతసేపు ఆలోచించి, "ఇరవై" అనెను. "అట్టివి రెండు?" "నలభై." "సగమునకు ఇంకను కొంత కలిపితివి గదా, యాభై కాస్తా నలభై ఎట్లయినది?" ఆ బాలుడు నాణెము వంకను మా వంకను చూచి నవ్వెను. ఆ వసతిగృహములో అతని నవ్వు చూచుట మాకదియే ప్రథమము. ఆ నాటినుండి అతడు తన నోటుపుస్తకమును మాకు తానే తెచ్చి చూపుచుండెను.

నవంబరు వచ్చినది. మా పరీక్షలు దగ్గర పడినవి. "వచ్చే వారము వత్తుము" అని చెప్పి వచ్చితిమి. ఆ వారము పోలేదు, తరువాతి వారమును పోలేదు. పిదప సెలవులకు ఎవరి యూరికి వారము పోతిమి. కబురు చేయవలెనని మా నలుగురిలో ఒక్కనికిని తోచలేదు. సంక్రాంతి వెళ్ళిన పిమ్మట మరల వసతిగృహమునకు పోగా, ఆ బాలుడు నోటుపుస్తకమును తెచ్చి మా చేతికిచ్చెను. మేము గురుతుపెట్టి వచ్చిన లెక్కలన్నియు వరుసగ ఎక్కించుకొనియున్నాడు. వచ్చినంతవరకు చేసి, రానిచోట అరపేజీ ఖాళీ విడిచి, అంచున 'అన్న వచ్చాక' అని వ్రాసికొనియున్నాడు. అట్టి ఖాళీలు ఇరువదికి పైగా ఉండెను. ఒక్కమాటయైనను నిష్ఠురమాడలేదు. కొన్నిటిని ఆ రెండుమాసములలో పూరించితిమి, కొన్నిటిని పూరింపలేకపోతిమి. ఆ సంవత్సరము అతడు గణితములో తప్పెను. మా పరీక్షలలో మేము నలుగురమును ప్రథమశ్రేణిలో కృతార్థులమైతిమి.

కావున చదువు చెప్పుట యెట్లు అనుదానికంటె, చెప్పెదనన్న దినమున వచ్చుట యెట్లు అనునదియే ఈ విషయమున మాకు పెద్ద ప్రశ్నగ కన్పట్టుచున్నది. జాలితో ఆరంభమైనది జాలి తగ్గగనే ఆగును. కొన్ని దేశములవారు దీనికి కట్టుబాట్లు ఆలోచించిరి. 1974 లో ఇస్రాయెలు దేశమున వైజ్‌మన్ విజ్ఞాన సంస్థయందు 'పెరాఖ్' అను పథకము పుట్టినది. ఆ మాటకు హీబ్రూ భాషలో పుష్పమని అర్థము. ఒక విద్యార్థికి ఒక బిడ్డ, వారమునకు రెండుమారులు, రెండేసి గంటలు, విద్యాసంవత్సరము పొడవునను. దీనికి బదులుగ విద్యార్థి కట్టవలసిన రుసుములో కొంత తగ్గింతురు. అది స్వచ్ఛందసేవ యెట్లగునని ఆక్షేపింపవచ్చును. బిడ్డ యెదురుచూచుచున్న సాయంత్రమున మనిషి వచ్చుట ముఖ్యమా, అతని సేవాభావము నిక్కమైనదా కాదా అని తూచుట ముఖ్యమా అని అడిగిన, మేము మొదటి దానివైపే మొగ్గుదుము.

డబ్బు ప్రసక్తి లేకుండ జరిగినది ఒకటి ఇటలీలో కలదు. 2020 మార్చిలో కోవిడ్ మహమ్మారి వలన ఆ దేశమున పాఠశాలలు, విశ్వవిద్యాలయములు అన్నియు మూతపడినవి. మనదేశమున నట్లే అచ్చటను చదువు కంప్యూటరు తెరలపైకి ఎక్కినది. పేదయిండ్ల బిడ్డలు, వలసవచ్చిన కుటుంబముల బిడ్డలు వెనుకబడిరి. అప్పుడు మికేలా కార్లానా, ఎలియానా లా ఫెర్రారా అను ఇద్దరు అర్థశాస్త్ర పండితురాండ్రు మిలాను నగరమునందలి విశ్వవిద్యాలయముల విద్యార్థులను పిలిచి, ఇంటనుండియే టెలిఫోను మీదనో కంప్యూటరు మీదనో ఒక్కొక్క బిడ్డకు చదువు చెప్పుదురా యని అడిగిరి. ఐదువందలకు పైగా విద్యార్థులు ముందుకు వచ్చిరి. 6, 7, 8 తరగతులలో సాయము కావలసినవారని పాఠశాలలవారు సూచించిన బాలబాలికలు వేయిమందికి పైగా తేలిరి. అందరికిని చాలినంతమంది లేరు. చీట్లు వేసినట్లుగ ఎంపిక చేసిరి. సుమారు సగముమందికి తోడు దొరికినది, తక్కిన సగముమందికి దొరకలేదు.

తోడు దొరకనివారిని తలచిన మనస్సు కలుక్కుమనును. కాని ఆ పంపకము యాదృచ్ఛికముగ జరిగినందుననే ఇరువర్గములను పోల్చి చూచుటకు వీలైనది. వారమునకు మూడు మొదలు ఆరు గంటలు, సుమారు ఐదు వారములు. అనగా హెచ్చుపక్షము ముప్పది గంటలు. చెప్పువారికి బోధనలో నిపుణులైనవారు వెనుకనుండి సలహాలిచ్చుచుండిరి. చివర పెట్టిన పరీక్షలో తోడు దొరికిన బిడ్డలు తక్కినవారికంటె స్పష్టముగ మెరుగైరి. మిక్కిలి పేదయిండ్ల బిడ్డలకు కలిగిన లాభము ఇంకను హెచ్చు. పరీక్షమాట అటుంచి, వారి మనస్సులు కుదుటపడుట, పైచదువులపై ఆశలు పెరుగుట కూడ ఆ పరిశోధనలో కనబడినది. ఎదుట కూర్చుండని మనిషి, ముప్పది గంటలలో, ఒక్క బిడ్డకు!

ఆ దినములలో ఆకాశవాణి, దూరదర్శనములు కూడ మన బిడ్డలకు పాఠములు ప్రసారము చేసినవి. అందులో పాలుగొన్నవారము గనుక ఒక్కమాట చెప్పవచ్చును. రేడియో ఒక్క పాఠమును లక్షమందికి చేర్చగలదు. ఆ లక్షమందిలో ఒక్కడు రెండు బై ఐదు అని వ్రాసినచో దానికి తెలియదు.

ఇక మన సంగతి. జాతీయ సేవాపథకము 1969 సెప్టెంబరు 24 న, గాంధీజీ శతజయంతి సంవత్సరమున, అప్పటి కేంద్ర విద్యామంత్రి డాక్టరు వి. కె. ఆర్. వి. రావుగారి చేతులమీదుగ 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ఆరంభమైనది. నేడది దేశమంతట వ్యాపించియున్నది. అందు చేరిన విద్యార్థి సంవత్సరమునకు 120 గంటల చొప్పున రెండు సంవత్సరములలో 240 గంటలు సేవ చేయవలెను. 120 గంటలనగా వారమునకు మూడుగంటల చొప్పున నలుబది వారములు. సరిగా ఒక విద్యాసంవత్సరము. ఇటలీలో బిడ్డకు దొరికినది హెచ్చుపక్షము ముప్పది గంటలు. మనకు చేతిలో నూట ఇరువది ఉన్నవి. ఆ గంటలు ఎట్లు వెచ్చమగుచున్నవో కళాశాలల ఆవరణలలో తిరిగినవారికి తెలియును. క్రొత్త చీపుళ్ళు కొని, పరిశుభ్రముగ నున్న చోటనే ఊడ్చి, ఛాయాచిత్రము తీయించుకొనుటకు ఎన్నిగంటలు పోవునో! మొక్కలు నాటుటను, రక్తదానమును మేము తక్కువ చేయుట లేదు. రక్తదానము చేసిన బిడ్డలకు నమస్కారము. కాని ఆ పట్టికలో సగము గంటలనైనను, ఒకే వసతిగృహమునకు, ఒకే యిద్దరు బిడ్డలకు, ఏడాది పొడవున కేటాయించుటకు ఏ నిబంధనయు అడ్డురాదు.

చేయదలచినవారు జూన్, జూలై మాసములలోనే మొదలుపెట్టవలెను. జనవరిలో అందరికిని ఉత్సాహము పుట్టును. అప్పటికి బిడ్డకు బట్టీపట్టించుట తప్ప వేరు దారి యుండదు. ముందుగ ప్రధానోపాధ్యాయునితోను, వసతిగృహపు వార్డెనుతోను మాటలాడి, వారి సమ్మతితో, వారి కనుసన్నలలో, నలుగురు తిరుగు వరండాలో కూర్చుండి చెప్పుట ఉభయులకును క్షేమము. బాలికల వసతిగృహములకు విద్యార్థినులే పోవలెను. ఒక్కొక్కరికి ఇద్దరు బిడ్డలు చాలును; ముగ్గురైనచో మరల ఉపన్యాసము మొదలగును. మొదటి రెండు వారములు పాఠమే చెప్పరాదు. బిడ్డచేత లెక్కలు చేయించుచు, చదివించుచు, దారమెచ్చట తెగినదో వెదకవలెను. మూడవ తరగతివరకు వెనుకకు నడువవలసి వచ్చినను సిగ్గుపడనక్కరలేదు, బిడ్డను సిగ్గుపరచనక్కరలేదు. ఇంగ్లీషు మాధ్యమములో తడబడు బిడ్డలకు రెండు తెలుగు రాష్ట్రములందును ఒకప్రక్క ఇంగ్లీషు, ఎదుటిప్రక్క తెలుగు ఉన్న పాఠ్యపుస్తకములు కొన్ని సంవత్సరములుగ వచ్చుచున్నవి. తెలుగు పేజీని ముందు చదివించి, తన మాటలలో చెప్పించి, పిమ్మట ఇంగ్లీషు పేజీని తెరిపించినచో భయము సగము తీరును. తనకు తెలియనిది అడిగినప్పుడు, "నాకును తెలియదు, శుక్రవారము చూచివచ్చి చెప్పెదను" అనుటకు జంకరాదు. అన్నకు కూడ తెలియనివి ఉండునని బిడ్డకు తెలియుట మంచిదే. శుక్రవారము చెప్పవలెను సుమా!

అన్నిటికంటె ముందు, తమ పరీక్షల తేదీలు చూచుకొని, "నవంబరులో మూడువారములు మేము రాము" అని జూలైలోనే చెప్పివేయవలెను. చెప్పిన ఎడబాటును బిడ్డలు ఓర్చుకొందురు. వీలైనచో ఇద్దరు స్నేహితులు జతగ ఏర్పడి, ఒకరు రాలేని సాయంత్రమున రెండవవారు పోవలెను. ఇంతకంటె మర్మమేమియు లేదు.

మొన్న వానకాలమున, ఇట్టి చదువును గురించి ఒక కార్యక్రమము చేయుటకై మా ఇంజనీరును వెంటబెట్టుకొని ఒక బాలికల వసతిగృహమునకు పోతిమి. మంగళ, శుక్రవారములలో ఇద్దరు విద్యార్థినులు వచ్చి చదువు చెప్పుచున్నారని వింటిమి. ఆరుగంటలకు వాన అందుకొన్నది. ఇక రారనుకొని యంత్రమును సంచిలో సర్దుకొనుచుండగా, తొమ్మిదవ తరగతి పిల్ల యొకతె, "వస్తారు సార్, కూర్చోండి" అని, వరండాలో నీటిజల్లు పడనిచోట చాప పరచినది. ఆ పిల్లకు మేము చెప్పవలసిన సమాధానమేమియు లేకపోయినది. ఆరుంపావుకు ఇద్దరును ఒకే గొడుగు క్రింద సగము తడిసి వచ్చిరి.

నేలపై సుద్దతో పొడవుగ గీత గీచి, నడుమ సున్న పెట్టి, కుడివైపునను ఎడమవైపునను అంకెలు వేసికొనియుండిరి. ఋణ మూడులోనుండి ఋణ ఐదును తీసివేసిన ఎంత అనునది ప్రశ్న. పిల్ల గీతపై ఋణ మూడు దగ్గర నిలుచుండెను. మేము మైకును దగ్గరగ ఉంచితిమి. రేడియోవారికి నిశ్శబ్దమనిన ఎంత భయమో చెప్పనలవి కాదు. పది సెకనులు మాట విననిచో శ్రోతలు కేంద్రము ఆగిపోయినదనుకొందురు. ఇరువది సెకనులైనవి. మా ఇంజనీరు మావంక చూచెను. మేము ఆ విద్యార్థినివంక చూచితిమి, ఒక్కమాట అందించునేమో యని. ఆమె అందింపలేదు. తడిసిన కొంగును పిండుకొనుచు పిల్ల పాదములవంకనే చూచుచుండెను. పిల్ల ఒకడుగు ఎడమకు వేసి, ఆగి, వెనుకకు తీసికొనినది. నలుబది సెకనులు దాటినవి. రేకులపై వానచప్పుడు తప్ప యంత్రములో ఏమియు పడుట లేదు. అప్పుడు పిల్ల కుడివైపునకు తిరిగి, ఒక్కొక్క అంకెను లెక్కించుచు ఐదడుగులు నడిచి, సున్నను దాటి నిలుచుండి, "రెండక్కా" అనినది.

ఆ కార్యక్రమమును ప్రసారము చేయునప్పుడు ఆ నిశ్శబ్దమును కత్తిరింపవలసినదిగ సలహా వచ్చినది. మేము కత్తిరింపలేదు.